సంఘాల పని అప్పుడే అయిపోలేదు
లింక్డ్‌ఇన్, వాట్సాప్ గ్రూపులు వచ్చాక వృత్తి సంఘాలకు చందా కట్టడం దండగ అని కొందరు అంటున్నారు, ఆ మాట సగమే ఒప్పుకుంటాను. పరిచయాల కోసం ఏడాదికోసారి జరిగే సదస్సు దాకా ఆగే రోజులు పోయాయి, నిజమే. లింక్డ్‌ఇన్ 2015లో ఆన్‌లైన్ పాఠాల సైట్ లిండా.కామ్‌ను కొనేసి పాఠాలు కూడా అమ్ముతోంది. మా ఆఫీసులో రెండు రోజుల ట్రైనింగ్‌లో కునికిపాట్లు పడ్డవాళ్లమే (నేనూ అందులో ఉన్నాను లెండి) ఆ తర్వాత బ్యాచ్ గ్రూపులో ఒకరి తప్పులు ఒకరు చూసుకుంటూ అసలు పని నేర్చుకున్నాం. కానీ అదే గ్రూపులో ఒకాయన మహా ధీమాగా చెప్పిన పాత రూల్ నమ్మి నేను రిపోర్టు మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది, ఆయనేమో మెసేజ్ డిలీట్ చేసి ఊరుకున్నారు. సంఘంలో అయితే ఫిర్యాదు చేయడానికి కనీసం ఓ కమిటీ అయినా ఉంటుంది, గ్రూపులో ఎవర్ని పట్టుకుని అడగాలి?