కడసారివాడు, పది జున్నుగడ్డలు

ఆదివారం సండేస్కూలు క్విజ్‌లో గొడవైంది. ప్రశ్న చిన్నదే: దావీదు రాజు తండ్రి యెష్షయికి కొడుకులెంతమంది? పిల్లలు ఏడుగురన్నారు. అయ్యగారి చేతిలోని జవాబుల కాగితం ఎనిమిదంది. ఒక బుడతడు ఊరుకోకుండా మొదటి దినవృత్తాంతములు 2వ అధ్యాయం తీసి, 13 నుంచి 15 దాకా వేలుపెట్టి చదివాడు: ఏలీయాబు, అబీనాదాబు, షమ్మా, నెతనేలు, రద్దయి, ఓజెము, ఏడోవాడు దావీదు. అయ్యగారు మొదటి సమూయేలు తీశారు. అక్కడ ఏడుగురు సమూయేలు ప్రవక్త ముందు నుంచి నడిచి వెళ్ళారు, దావీదు గొర్రెల దగ్గరున్నాడు, వెరసి ఎనిమిది. 17వ అధ్యాయం 12వ వచనమూ ఎనిమిదే అంటుంది. రెండూ ఒకే బైబిల్లోవి. అయినా మార్కులు కాగితానికే పడ్డాయి. ఆ కాగితాలు తయారుచేసే పెద్దలు దినవృత్తాంతముల దాకా రాకుండానే అలసిపోతారు కాబోలు.

ఆ రెండు లెక్కల మధ్య ఒక అన్న గల్లంతయ్యాడు. సంతానం లేకుండా పోయి ఉంటాడు, అందుకే జాబితాలో ఎక్కించలేదని కొందరు వ్యాఖ్యాతలు సర్దిచెబుతారు. సిరియాక్ భాషలోని పాత బైబిలు అనువాదం ఇంకో దారి పట్టింది: ఎలీహు అనే పేరును ఏడో స్థానంలో చేర్చి, దావీదును ఎనిమిదికి జరిపింది. సెరూయా, అబీగయీలు అనే ఇద్దరు ఆడపిల్లల్ని ఏ లెక్కలోనూ కలపలేదు. వాళ్ళను దినవృత్తాంతముల అదే అధ్యాయం 16వ వచనంలో విడిగా కూర్చోబెట్టారు.

సరే, అసలు తలవంపులు యెష్షయి ఊరు బేత్లెహేములో జరిగాయి. యెష్షయి కొడుకుల్లో ఒకణ్ణి రాజుగా అభిషేకించమని దేవుడు పంపితే, సమూయేలు కొమ్ము నిండా తైలం, బలికి చేత ఒక పెయ్యతో వచ్చాడు. ఊరి పెద్దలు వణికిపోయి, మంచికే వచ్చావా అని అడిగారు. దైవజనుడు చెప్పాపెట్టకుండా గుమ్మంలోకొస్తే మనవాళ్ళకూ అదే వణుకు. ఆయన యెష్షయినీ, కొడుకులనూ శుద్ధి చేయించి బలికి పిలిచాడు. కొడుకులనూ అంటే ఇంట్లో ఉన్నవాళ్ళను. ఆ పూట స్నానం, ఉతికిన బట్టలు ఎవరెవరికని యెష్షయి లెక్క చూసుకున్నప్పుడే ఒక తల తగ్గింది. ఎవరూ గమనించలేదు.

ఏలీయాబు మంచి పొడగరి. సమూయేలంతటివాడే చూడగానే వీడేననుకున్నాడు, పైనుంచి కాదని జవాబొచ్చింది. అబీనాదాబు వచ్చాడు, కాదు. షమ్మా వచ్చాడు, కాదు. ఆ తర్వాతి నలుగురికి రచయిత పేర్లు కూడా ఖర్చుపెట్టలేదు, గుంపుగా దాటించేశాడు.

అప్పుడు సమూయేలు అడిగాడు: నీ కొడుకులంతా వీళ్ళేనా?

ఇక్కడ కాసేపు ఆగాలి. ఎందరు పిల్లలని అడిగితే ఏ తండ్రైనా తడుముకోకుండా చెబుతాడు. అందరూ వచ్చారా అని అడిగితేనే చిక్కు. తైలం కొమ్ములో అలాగే ఉంది. తిరస్కారం పొందిన ఏడుగురు గోడవారన నిలబడ్డారు. పెద్దలు మాంసం వైపు చూస్తున్నారు. ఊరంతా కలిసి తినేది కాబట్టి సమాధానబలే అనుకుందాం. దానికి లేవీయకాండంలో గట్టి నిబంధనలున్నాయి. కొవ్వు, రెండు మూత్రపిండాలు బలిపీఠం మీదికి, బోర, కుడి జబ్బ యాజకుడికి, మిగిలింది వచ్చినవాళ్ళకు. కృతజ్ఞతార్పణ అయితే ఆ రోజే తినేయాలి, మొక్కుబడి అయితే మర్నాటి దాకా ఆగవచ్చు, మూడోనాటికి మిగిలింది నిప్పులపాలు. అంటే వంట దగ్గర గడియారం నడుస్తోంది. అలాంటి వేళ యెష్షయి గొంతు సవరించుకుని, ఇంకా కడసారివాడున్నాడు, గొర్రెలు కాస్తున్నాడు అన్నాడు. పేరు చెప్పలేదు. పేరు తండ్రి నోట రాలేదు సరే, రచయితైనా రాశాడా? మొదటి సమూయేలులో దావీదు పేరు మొదటిసారి కనబడేది 16వ అధ్యాయం 13వ వచనంలో, అదీ తైలం నెత్తిన పడ్డాక.

యెష్షయి ఒక్కడినే అని లాభం లేదు. యాకోబు మనవలను దీవించేటప్పుడు కుడిచెయ్యి చిన్నవాడైన ఎఫ్రాయిము తలమీద పెడితే, అలా కాదు నాన్నా, పెద్దవాడు వీడు అంటూ ఆ చెయ్యి పట్టి మార్చబోయింది వాళ్ళ తండ్రి యోసేపు. పన్నెండుమంది అన్నదమ్ముల్లో పదకొండోవాడు! తనకో ఇల్లు ఏర్పడగానే తమ్ముడు కూడా అన్న పక్షం చేరతాడు.

ఇక బేత్లెహేములో, ఆ కడసారివాడొచ్చేదాకా కార్యక్రమం ముందుకు సాగదని సమూయేలు తేల్చేశాడు. పిలవడానికి ఎవరు వెళ్ళారో, అంతసేపు గొర్రెలను ఎవరు చూశారో తెలియదు. పిల్లవాడు వచ్చాడు, అన్నల కళ్ళముందే అభిషేకం అయింది, సమూయేలు లేచి తన ఊరు రామాకు వెళ్ళిపోయాడు. పాపం, దావీదుకు ముద్ద దక్కిందో లేదో ఎవరూ రాయలేదు.

రాజుగా అభిషేకం పొందినవాడు మళ్ళీ గొర్రెల దగ్గరికే వెళ్ళాడు. తర్వాత ఏలా లోయలో యుద్ధం వచ్చింది. పెద్ద అన్నలు ముగ్గురూ సైన్యంలో చేరారు. వాళ్ళకు క్యారేజీ పంపాలి. మధ్యలో నలుగురు అన్నలున్నారు కదా, వాళ్ళలో ఎవరినైనా పంపవచ్చు. ఊహూఁ. విందుకు గుర్తురాని కడసారివాడు మోతకు ఠక్కున గుర్తొచ్చాడు, ఈసారి పేరుతో సహా. వేయించిన గోధుమలు ఒక తూమెడు, అంటే సుమారు 22 లీటర్లు, పది రొట్టెలు అన్నలకు. పది జున్నుగడ్డలు వాళ్ళ సహస్రాధిపతికి. పై అధికారిని మంచి చేసుకోవడం యెష్షయికి బాగా తెలుసు. వచ్చేటప్పుడు అన్నలు క్షేమమనడానికి వాళ్ళ దగ్గర ఆనవాలు తెమ్మన్నాడు కూడా.

దావీదు పొద్దున్నే లేచి, గొర్రెలను ఒక కాపరికి అప్పగించి, మూటలెత్తుకుని వెళ్ళాడు. సామాన్లు చూసుకునేవాడి దగ్గర దించి యుద్ధరంగంలోకి పరిగెత్తాడు. శత్రుపక్షపు వీరుడు గొల్యాతు గురించి అక్కడున్నవాళ్ళను రెండు మాటలు అడిగాడో లేదో, ఏలీయాబు మండిపడ్డాడు. ఎందుకొచ్చావిక్కడికి, అడవిలో ఆ నాలుగు గొర్రెలను ఎవరికి వదిలొచ్చావు, నీ పొగరు నాకు తెలుసు అని. మోసుకొచ్చిన తూమెడు గోధుమల ఊసే లేదు. ఇప్పుడు నేనేం చేశాను, మాటే కదా అన్నాను అని దావీదు ముఖం తిప్పుకుని ఇంకొకణ్ణి అడగడానికి పోయాడు.

గొల్యాతు సంగతి అందరికీ తెలిసిందే. జున్నుగడ్డలు మాత్రం సామాన్లవాడి దగ్గరే ఆగిపోయాయి. సహస్రాధిపతికి అందినట్టు ఎక్కడా లేదు.