నూతి వరలు పోసిన చేతులకే గోడలూ అప్పగించాలి

కాకినాడ నుంచి అమలాపురం మీదుగా నరసాపురం వైపు 216వ నంబరు జాతీయ రహదారిపై వెళ్లేవారికి దారి పక్కన సిమెంటు సామాను పోసే చిన్న యార్డులు కనిపిస్తూనే ఉంటాయి. నూతి వరలు, సెప్టిక్ ట్యాంకు మూతలు, ప్రహరీ పలకలు, వాటిని నిలబెట్టే స్తంభాలు, కిటికీ జాలీలు అక్కడ వరుసగా ఆరుతూ ఉంటాయి. ఒకచోట అచ్చులో పోసి, నీళ్లు పట్టి, గట్టిపడ్డాక ట్రాక్టరు మీద తీసుకువెళ్లి మరొకచోట అమర్చడమే మాడ్యులర్ నిర్మాణానికి మూలసూత్రం అనుకుంటే, గోదావరి డెల్టాకు ఆ విద్య ఎప్పటినుంచో తెలుసు. అయితే ప్రభుత్వ పత్రాలలో ఆ మాట కనిపించినప్పుడు మాత్రం ఈ యార్డులు ఎవరి తలపుకూ రావు.

2021 జనవరి 1న కేంద్రం ఆరు నగరాలలో కొత్త పద్ధతుల్లో ఇళ్లు కట్టి చూపే లైట్ హౌస్ ప్రాజెక్టులకు శంకుస్థాపన చేసింది. చెన్నైలో ప్రీకాస్ట్ కాంక్రీటుతో, అంటే ముందే అచ్చులో పోసి తెచ్చిన భాగాలతో, 1,152 ఇళ్లు, రాజ్‌కోట్‌లో గోడలు, స్లాబు కలిపి ఒకేసారి పోసే టన్నెల్ ఫార్మ్‌వర్క్‌తో 1,144 ఇళ్లు తలపెట్టారు. మన రాష్ట్రంలో రాజమహేంద్రవరం, భీమవరం వంటి పట్టణాలలో పట్టణ పేదల కోసం ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లకు వాడిన, గోడలను కూడా కాంక్రీటుతోనే పోసే షియర్ వాల్ పద్ధతి కూడా పెద్ద సంస్థల చేతుల్లోనే నడిచింది. వందల ఇళ్లు ఒకేచోట కట్టేటప్పుడు అది సబబే. కానీ డెల్టాలో జనం ఇల్లు కట్టుకునే తీరు వేరు. మూడు సెంట్లలోనో ఐదు సెంట్లలోనో ఒక కుటుంబం ఒక ఇల్లు కట్టుకుంటుంది, చదరపు అడుగు లెక్కన మాట్లాడుకున్న ఒక మేస్త్రీ దాన్ని కడతాడు. ఆ మేస్త్రీని కలుపుకోని మాడ్యులర్ విధానం ఇక్కడ ఎన్నటికీ నాలుగు పట్టణాల శివార్లు దాటదు.

యార్డులో పోత పోసే పద్ధతి అవసరం మిగతా ప్రాంతాలకంటే డెల్టాకే ఎక్కువని నా అభిప్రాయం. నైరుతి వానలు, వాటి వెనకే వచ్చే తుపానులు కలిసి ఇక్కడ ఏడాదిలో చాలా నెలలు మేస్త్రీని ఇంట్లో కూర్చోబెడతాయి. రేకుల షెడ్డు కింద పలకలు పోసుకోగలిగితే ఆ నెలలు పనిదినాలవుతాయి. అంతకంటే పెద్ద కారణం నీరు. సముద్రం దగ్గరి గ్రామాలలో, రొయ్యల చెరువులు తవ్విన ఊళ్లలో బోరు నీరు ఉప్పు తేలుతోంది. కాంక్రీటులో ఇనుము ఉన్నప్పుడు కలిపే నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని, తీరప్రాంతపు తీవ్ర వాతావరణంలో ఇనుముపై కనీసం 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండాలని కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. ఒక్క ఇంటి కోసం నీటిని పరీక్ష చేయించే యజమాని ఎక్కడో గాని ఉండడు. స్లాబు వేసే రోజు భోజనాల ఏర్పాటు మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా కడ్డీ కింద పెట్టే కవర్ బిళ్లల మీద పెట్టం! ఏడాది పొడవునా ఒకే నీటిని, ఒకే అచ్చును వాడే యార్డులో మాత్రం ఈ రెండు పరీక్షలూ జరిపించడం తేలిక.

అటువంటప్పుడు వరలు పోసేవాడు గోడ పలకలు, స్లాబు పలకలు ఎందుకు పోయడం లేదు? నైపుణ్యం లేక అని తేల్చేయడం సులభం. నాకు మాత్రం ఇల్లంటే స్థలంలోనే లేచేదన్న ఊహ మీద నడిచే మన నిబంధనలే అసలు అడ్డంకిగా కనిపిస్తున్నాయి.

ముందుగా పన్ను సంగతి. యజమాని సామాను కొనిస్తే, కేవలం కూలి మీద ఒక విడి ఇల్లు కట్టిపెట్టే ఒప్పందానికి జీఎస్టీ మినహాయింపు ఉంది. మేస్త్రీ, అతని కూలీలు స్థలంలో చేసిన శ్రమపై పన్ను పడదు. అదే మనుషులు అదే శ్రమను యార్డులో చేసి, పోసిన పలకను అదే ఇంటికి అమ్మితే, అది ప్రీకాస్ట్ సరుకై 18 శాతం పన్ను కిందికి వస్తుంది. ఆ పలక ధరలో సిమెంటు, ఇనుములతో పాటు కూలి కూడా కలిసి ఉంటుంది కాబట్టి, అంతవరకు పన్ను లేని శ్రమ మీద గోడ చోటు మారినందుకే పన్ను పడుతుంది. నమోదైన యార్డు సామాను మీద కట్టిన పన్నును సర్దుబాటు చేసుకోగలదు; సొంత ఇల్లు కట్టుకునేవాడికి ఆ వెసులుబాటు లేనందున తుది భారమంతా అతని మీదే ఆగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించడం మంచిదే, కానీ అది రెండు పద్ధతులకూ సమానంగా అందిన మేలు గనుక వాటి మధ్య తేడాను చెరపలేదు. అదే రోజున ఇసుక-సున్నం ఇటుకలను 12 నుంచి 5 శాతానికి దించారు. ఒక పరిమితి లోపు విడి ఇళ్లకు వాడే ప్రీకాస్ట్ పలకలు, దూలాలను కూడా ఆ వరుసలో చేర్చాలని రాష్ట్రం జీఎస్టీ మండలిలో అడగవచ్చు.

రెండోది డబ్బు విడుదల తీరు. గృహ పథకాల బిల్లులైనా, బ్యాంకు రుణాలైనా పునాది, రూఫ్ లెవెల్, స్లాబు అంటూ స్థలంలో పని లేచేకొద్దీ వస్తాయి. యార్డు పద్ధతిలో ఖర్చులో పెద్ద భాగం స్థలంలో ఏమీ కనిపించకముందే అయిపోతుంది. ఫొటో తీయడానికి వచ్చిన ఉద్యోగికి ఖాళీ స్థలమే కనిపిస్తుంది, అతను బిల్లు రాయడు, అందుకు అతన్ని తప్పుపట్టలేం. పెద్ద కంపెనీకి బ్యాంకు గ్యారంటీ మీద అడ్వాన్సు దొరుకుతుంది. మేస్త్రీకి దొరికేది సిమెంటు కొట్టు అప్పు, దానిపై వడ్డీ. యార్డులో పలకలను లబ్ధిదారు పేరున నంబరు వేసి, ఇంజనీరు తనిఖీ చేశాక, దాన్నే ఒక దశగా లెక్కించి చెల్లించే ఉత్తర్వు ఒకటి చాలు. దీనికి కొత్త చట్టం, అదనపు కేటాయింపు అక్కరలేదు.

ప్రభుత్వ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి జరగాలన్న కేంద్ర విధానం పనుల కాంట్రాక్టులకు వర్తించదు. కాబట్టి గోడ కట్టే మేస్త్రీకి ఆ వాటా అందదు. పలకలు పోసి అమ్మే యార్డు సరుకు తయారీదారు గనుక, ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) ఉంటే అందుకు అర్హత పొందగలదు. ఉమ్మడి వసతి కేంద్రాలకు చిన్న పరిశ్రమల క్లస్టర్ పథకం ఇచ్చే సాయంతో పదిమంది మేస్త్రీలు కలిసి అచ్చులో కాంక్రీటును కుదిపి గట్టిపరిచే ఒక వైబ్రేటింగ్ టేబులు, అచ్చులు, పరీక్షా యంత్రం పెట్టుకోవచ్చు.

భద్రత గురించిన అభ్యంతరాన్ని తేలికగా తీసుకోకూడదు. 2001 భుజ్ భూకంపంలో గుజరాత్‌లో ప్రీకాస్ట్ పలకలతో కట్టిన బడి భవనాలు కొన్ని అతుకుల దగ్గర విడిపోయి కూలాయి. 1996 నవంబరు తుపానును చూసిన కోనసీమలో గాలికి ఊడిపోయే ఇంటిని ఎవరూ కోరుకోరు. అతుకు నమూనాను ఇంజనీరింగ్ కళాశాలలో పరీక్షించి ధ్రువీకరించాలి, ఆ నమూనానే వాడిన మేస్త్రీకి లైసెన్సు ఇవ్వాలి, వాడనివాడికి నిరాకరించాలి. ఈ ఒక్కచోట నిబంధన కఠినంగా ఉండడమే మంచిది.

పలక కొలత విషయంలో కూడా మన నేల చెప్పినట్లు వినాలి. కాలువ గట్ల మీద క్రేను తిరగదు, లంక గ్రామాలకు సామాను పంటి మీదనో పడవ మీదనో దాటాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించిన పలక-దూలం స్లాబు పద్ధతిలో పలకలను క్రేను లేకుండా మనుషులే మోసి అమర్చగలరు, స్లాబు కింద నిండా సెంట్రింగ్ కొట్టవలసిన పని కూడా తప్పుతుంది. ముందుగా ఒక మండలంలో స్లాబుల వరకు దీన్ని చేసి చూడవచ్చు. సంక్రాంతి వెళ్లాక పనులు జోరందుకునే నాటికి ఆరిన పలకలు చేతిలో ఉండాలంటే యార్డులో పోత కార్తీకంలోనే మొదలు కావాలి, యార్డు దశకు చెల్లించే ఉత్తర్వు దసరా నాటికి రావాలి.