ఎనిమిది కిలోమీటర్ల గీత గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ గీత గారి సముఖానికి,

1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం పుణ్యమా అని మీరు ఒడ్డుకు ఎనిమిది కిలోమీటర్ల దూరాన కొలువై ఉన్నారు. మీకు ఇవతలి నీళ్లు తెప్పలవీ చిన్న పడవలవీ; అవతలివి మర బోట్లవి. ఇన్నేళ్ల కొలువులో మీ దర్శనమైన బోటు యజమాని ఒక్కడూ లేడు.

వాళ్లనూ ఏమనగలం? రొయ్య ఎక్కువగా దొరికేది ఒడ్డు దగ్గరి బురద నేలలోనే. చేపపిల్లలు పెరిగేదీ అక్కడే. ట్రాల్ వల అడుగంటా ఊడ్చుకుపోతుంటే రొయ్యతోపాటు వేలెడంత లేని పిల్లలూ ఎక్కి వస్తాయి. కూరకు పనికిరావు కాబట్టి ఎండబెట్టి పొడి చేసి, మేతల తయారీకి పంపుతారు. రేపటి చందువ చేప ఇవాళే దాణా అయిపోతుంది.

జాలరి రాత్రి వల వేసి, కొసన జెండా కర్ర నిలబెట్టి, పడవలోనే కునుకు తీస్తాడు. తెల్లారి లాగితే సగమే వస్తుంది. మిగతా సగం బోటు పంకాకు చుట్టుకుని ఈపాటికి హార్బరు చేరి ఉంటుంది. ఫిర్యాదుకు వెళితే, "బోటు నెంబరు చూశావా?" అంటారు. దీపాలార్పుకుని వచ్చిన బోటు నెంబరు, అమావాస్య చీకట్లో!

మీ అక్కగారు, అదే అంతర్జాతీయ సముద్ర సరిహద్దు, ఆవిడా కంటికి కనబడదు. కానీ 2018లో గుజరాత్ బోట్లలో కూలికి వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు ఆవిడను దాటారని పాకిస్తాన్ పట్టుకుపోతే, ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉన్నారు. అక్కగారికి అంత పలుకుబడి, మీకు జరిమానా రసీదుకూ దిక్కులేదు. తోడబుట్టినవారి మధ్య ఇంత తేడా ఉండకూడదు.

మీరు పట్టించుకోనందుకు జనం తమలో తాము తేల్చుకుంటున్నారు. 2022 జనవరిలో విశాఖ తీరాన, చేపల గుంపును చుట్టేసి పట్టే రింగు వలల తగాదాలో తగలబడినవి మత్స్యకారుల పడవలే. తర్వాత షరా మామూలే: చల్లటి హాల్లో సభ, మత్స్యకారుల సాధికారత మీద ప్రసంగాలు, మధ్యాహ్నం వంజరం వేపుడు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. బోట్లన్నీ హార్బరులో కట్టేసి ఉంటాయి. ఏడాదిలో ఆ 61 రోజులూ మిమ్మల్ని ఎవరూ అతిక్రమించరు. మీ మత్స్యశాఖ నివేదికకు అవే చాలు. జూన్ 15 తెల్లవారుజామున మాత్రం కాస్త పక్కకు తప్పుకోండి, బోట్లు బయలుదేరతాయి.

ఇట్లు,
మీకు ఇవతలి నీళ్లను నమ్ముకున్నవాళ్లు