పచ్చ లైటు వెలుగుతోంది, ఇంకేం కావాలి?

ఎలక్ట్రిక్ కార్ల చార్జింగ్ స్టేషన్లు పెట్టే పనిలో సీనియర్ ఇంజినీరుగా ఉన్నవాణ్ని కాబట్టి, జనంలో బాగా పాతుకుపోయిన ఒక అపోహను తొలగించడం నా బాధ్యత అనుకుంటున్నాను. చార్జింగ్ స్టేషన్ కార్లకు చార్జింగ్ పెట్టడానికని చాలామంది నమ్ముతున్నారు. బాగా చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్నారు. నిజానికి అది ఉన్నది లెక్కపెట్టడానికి. ఈ ఏడాది ఇన్ని పెట్టాం, వచ్చే ఏడాది అన్ని పెడతాం అని చెప్పుకోవడానికి. లెక్కలో పడిన రోజే దాని జన్మ సార్థకం. ఆ తర్వాత ఏ కారుకైనా కరెంటు ఇచ్చిందంటే అది దాని మంచితనం.

ఈ సూత్రం అర్థం కానివాళ్లు ప్రారంభోత్సవాల్ని వెక్కిరిస్తుంటారు. 120 కిలోవాట్ల చార్జర్లు నాలుగు పెట్టాలంటే దాదాపు అర మెగావాటు కావాలి. పక్కనున్న స్తంభం నుంచి వైరు లాక్కుంటే సరిపోదు. దానికంటూ ఒక ట్రాన్స్‌ఫార్మర్, హైటెన్షన్ కేబుల్, ఆ కేబుల్ కోసం రోడ్డు తవ్వుకునే అనుమతి, ఎర్తింగ్, మీటరు, ఇన్‌స్పెక్షన్ కావాలి. చార్జర్ బిగించడం రోజుల పని, దానికి కరెంటు తేవడం నెలల పని. రిబ్బన్ కత్తిరించే తేదీ మాత్రం ఈ రెండింటికంటే ముందే ఖరారవుతుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, ఆ సోమలింగానికి సైట్ కోడ్ ఇచ్చి, మ్యాప్‌లో చుక్క పెట్టి, బోర్డు కూడా తగిలించేది మేమే. ఆ రోజుకు కరెంటు ఎలా అంటారా? వెనకాల ఒక డీజిల్ జనరేటర్ పెడతాం. ముఖ్య అతిథి కాలుష్యం లేని భవిష్యత్తు గురించి మాట్లాడుతున్నంతసేపూ దాని మోత మైకులో పడకుండా చూసుకోవడమే ఆ పూటకి సీనియర్ ఇంజినీరు పని. జూనియర్లకు ఇంత పెద్ద బాధ్యత అప్పగించం.

ఇక అసలు విద్యుత్తు సంగతి. గన్ (అంటే కేబుల్ చివర కారుకు తగిలించే ప్లగ్గు) పెట్టగానే కరెంటు కారులోకి వెళ్లిపోతుందని జనం అనుకుంటారు. అంత తేలిగ్గా అయితే మా జీతాలెందుకు? కంట్రోల్ పైలట్ అని ఒక సన్నటి వైరు ఉంటుంది. దాని మీద చార్జర్ 12 వోల్టులు పెట్టుకుని కూర్చుంటుంది. గన్ కారుకు తగిలితే అది 9కి దిగుతుంది, కారు సరే అంటే 6కి దిగుతుంది. ఫాస్ట్ చార్జింగ్‌కి ఇంతటితో అయిపోదు. చార్జర్ ఆ వైరు మీద ఆగి ఆగి కొట్టుకునే సిగ్నల్ డ్యూటీ సైకిల్‌ని, అంటే అది ఆన్‌లో ఉండే వంతుని, 5 శాతానికి తగ్గించి, ఇక మాటల్లోకి దిగుదాం అంటుంది. అప్పుడు అదే వైరు మీద రెండూ డేటా పంపుకుంటాయి. నీకెన్ని వోల్టులు, నేనెన్ని ఆంపియర్లు ఇవ్వాలి, కేబుల్ ఇన్సులేషన్ బాగుందా అని ఒకటే ప్రశ్నలు. తర్వాత చార్జర్ తన వోల్టేజీని బ్యాటరీ వోల్టేజీ దగ్గరికి తెస్తుంది, కారులో కాంటాక్టర్లు (బ్యాటరీని కలిపే పెద్ద స్విచ్చులు) మూసుకుంటాయి, ఆపైన కరెంటు కదులుతుంది. వీటిలో ఎక్కడ చిన్న తేడా వచ్చినా స్క్రీన్ మీద కనిపించేది ఒకటే మాట: మళ్లీ ప్రయత్నించండి.

అక్కడి నుంచి మీటింగులు మొదలవుతాయి. చార్జర్ వాళ్లు తప్పు కారుదంటారు, కారు వాళ్లు చార్జర్‌దంటారు. ఇద్దరి దగ్గరా లాగ్‌లున్నాయి, ఇద్దరూ స్టాండర్డ్ ప్రకారమే చేశారు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లోనే శని. చివరికి రెండు వైపులా ఫర్మ్‌వేర్ (మిషన్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలని తీర్మానిస్తాం. (ఈలోగా ఆ కారు ఓనర్ గన్‌ని చేత్తో కాస్త పైకెత్తి పట్టుకుంటే చార్జింగ్ మొదలవుతుందని తనంతట తానే కనిపెట్టేసి ఉంటాడు. కేబుల్ బరువుకి గన్ కిందికి వాలి కాంటాక్ట్ సరిగా దొరకదు, అంతే. ఈ పరిష్కారం ఏ స్టాండర్డ్‌లోనూ లేదు కాబట్టి మేం గుర్తించలేదు.)

350 కిలోవాట్లని రాసిన చోట తన కారు 200 దాటలేదని ఒకాయన ఫిర్యాదు పెట్టాడు. ఆయన కారుది 400 వోల్టుల బ్యాటరీ, గన్ ఇచ్చేది గరిష్ఠంగా 500 ఆంపియర్లు. గుణించుకోమన్నాం. స్టిక్కర్ మీద ఉన్నది మా గొప్పతనం, ఆయన కారు గొప్పతనం కాదు.

అన్నింటికంటే నేను గర్వపడేది, ఆఫీసులో కూర్చుని చార్జర్లన్నిటి పరిస్థితీ చూసుకునే మా డ్యాష్‌బోర్డు చూసి. చార్జర్‌కీ సర్వర్‌కీ మధ్య నడిచే ఓసీపీపీ భాషలో హార్ట్‌బీట్ అని ఒక సందేశం ఉంది. బతికే ఉన్నానని చార్జర్ అప్పుడప్పుడూ పంపుతుంటుంది. స్క్రీన్ పగిలినా, కార్డు రీడర్ చచ్చినా గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది. రాగి కోసం దొంగలు సాదా ఏసీ చార్జర్ కేబుల్‌ని మొదలంటా కోసుకుపోయారనుకోండి. పైలట్ మీద మళ్లీ 12 వోల్టులే. అంటే దాని లెక్కలో కారు ఇంకా రాలేదు. కాబట్టి డ్యాష్‌బోర్డులో పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది: అందుబాటులో ఉంది. ఇంత ఆశావాదం ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది?

గిట్టనివాళ్లు లేకపోలేదు. 2022లో కొందరు పరిశోధకులు అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా అంతా తిరిగి 657 ఫాస్ట్ చార్జింగ్ గన్లను స్వయంగా చూసొచ్చారు. రెండు నిమిషాలు చార్జింగ్ ఎక్కితే చాలు, పనిచేస్తున్నట్టే అని ఉదారంగానే లెక్కేశారు. అయినా తేలింది 72.5 శాతం. నడిపే సంస్థలు చెప్పుకుంటున్నది 95 నుంచి 98. దాదాపు 5 శాతం చోట్ల కేబుల్ కారు దాకా అందనే లేదట. డ్యాష్‌బోర్డు చూసుకుంటే పోయేదానికి ఎండలో పడి సైట్లకు వెళ్తే ఇలాంటి విషయాలే బయటపడతాయి మరి.

ఆ మరుసటి ఏడాదే అమెరికా ప్రభుత్వం తన నిధులతో పెట్టే చార్జర్లు 97 శాతానికి పైగా సమయం పనిచేయాలని నిబంధన తెచ్చింది. మొదట కాస్త టెన్షన్ పడ్డాను. ఏడాదిలో 3 శాతమంటే 11 రోజులైనా ఉండవు. తర్వాత మినహాయింపులు చదివాను. కరెంటు పోతే లెక్కలోకి రాదు. ఎవరైనా పగలగొడితే రాదు. ప్రకృతి వైపరీత్యం రాదు. ముందే అనుకుని చేసే మరమ్మతు రాదు. కారు సరిగా మాట్లాడకపోయినా రాదు. ఇన్ని తీసేశాక చార్జర్ పాడవడానికి మిగిలే దారులు చాలా తక్కువ. రాసినవాళ్లలో మనవాడెవరో, ఓ సీనియర్ ఇంజినీరు కచ్చితంగా ఉండి ఉంటాడు.

వచ్చే ఏడాది టార్గెట్ రెట్టింపు చేశారు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు ఇప్పట్లో రావు. అందుకే ఒక విధానపరమైన సంస్కరణ ప్రతిపాదించాను. ఇక నుంచి స్టేషన్లను కాకుండా గన్లను లెక్కపెడదాం అన్నాను. ఒక్కో మిషన్‌కి ఫాస్ట్ చార్జింగ్ గన్లలో సీసీఎస్ రకం ఒకటి, చాడెమో రకం ఒకటి, సాదా ఏసీ ఒకటి, వెరసి మూడు. పలుగూ పారా పట్టకుండానే మా నెట్‌వర్క్ మూడింతలైంది. బోర్డు సభ్యులు చప్పట్లు కొట్టారు. సీసీఎస్, చాడెమో ఒకేసారి పనిచేయవు కదండీ అని ఒక కుర్ర ఇంజినీరు లేచి అడిగాడు. చురుకైన కుర్రాడు. మర్నాడే అతణ్ని మెయింటెనెన్స్‌కి వేయించాను.