పేరు లేనిదే ఓటు లేదు: ‘ఛాలెంజ్ ఓటు’ సందేశానికి ఖండన

ఎన్నికలు దగ్గరపడితే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మళ్లీ ప్రత్యక్షమవుతుంది. 2019లో తిరిగింది, 2024లోనూ తిరిగింది. ఓటర్ల జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ గానీ ఓటరు కార్డు గానీ చూపించి, సెక్షన్ 49ఎ కింద ‘ఛాలెంజ్ ఓటు’ అడిగి ఓటు వేయవచ్చని. మన ఓటును అప్పటికే ఎవరైనా వేసేసి ఉంటే ‘టెండర్ ఓటు’ అడగవచ్చని. ఏ పోలింగ్ కేంద్రంలోనైనా టెండర్ ఓట్లు 14 శాతం దాటితే అక్కడ రీపోలింగ్ జరుపుతారని దాని సారాంశం. మొదటి మాట, మూడో మాట పూర్తిగా అబద్ధం. రెండోది సగం నిజం. పంపేవారిలో చాలామంది తోటివారికి మేలు చేస్తున్నామన్న నమ్మకంతోనే పంపుతున్నారు గనుక, దీన్ని ఒక్క మాటలో కొట్టిపారేయకుండా వివరంగా చెప్పవలసి ఉంది.

2024 మే 13న నేను ఒక పల్లె బడిలో ఎన్నికల విధుల్లో ఉన్నాను. రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక తల్లి, కొడుకు వరుసలో నిలబడి లోపలికి వచ్చారు. కొడుకు పేరు ఉంది, తల్లి పేరు లేదు. అనుబంధ జాబితాతో సహా రెండుసార్లు వెతికాం. ఆమె ఓటరు కార్డు తీసి చూపించి, “కార్డు ఉంది గదా బాబూ” అన్నారు. ఫోన్ బయటే వదిలి వచ్చినా ఆ సందేశం కుర్రవాడికి కంఠతా వచ్చింది. “49ఎ కింద ఛాలెంజ్ ఓటు ఇవ్వండి సార్, అది మా హక్కు” అని నిలదీశాడు. అతని కోపంలో తప్పు లేదు, అతనికి అందిన సమాచారంలోనే తప్పుంది.

1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమావళిలో 49ఎ అనే నియమం ఉన్న మాట నిజమే. అయితే అది ఓటింగ్ యంత్రంలో కంట్రోల్ యూనిట్, బ్యాలెట్ యూనిట్ ఉండాలని చెప్పే నియమం. ఓటరు హక్కు గురించి అందులో ఒక్క ముక్క కూడా లేదు. ‘ఛాలెంజ్’ ప్రస్తావన 49జె నియమంలో వస్తుంది, కానీ అక్కడ ఛాలెంజ్ చేసేది ఓటరు కాదు, అభ్యర్థి తరఫున కూర్చున్న పోలింగ్ ఏజెంటు. ‘ఈ వచ్చిన మనిషి జాబితాలోని ఫలానా ఓటరు కాదు’ అని అభ్యంతరం చెప్పదలచిన ఏజెంటు, పోలింగ్ కేంద్రం బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారి దగ్గర 2 రూపాయలు కట్టాలి. అధికారి అక్కడికక్కడే విచారించి, అభ్యంతరం రుజువు కాకపోతే ఆ ఓటరును ఓటు వేయనిస్తారు. అంటే ఈ నియమం వర్తించాలన్నా ముందు జాబితాలో పేరు ఉండాలి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 62వ సెక్షన్ మరింత సూటిగా, నియోజకవర్గ జాబితాలో పేరు లేని వ్యక్తికి అక్కడ ఓటు హక్కు లేదని చెబుతోంది. ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు వంటివి ఓటరు కార్డుకు బదులుగా చూపించే గుర్తింపు పత్రాలే గాని, జాబితాలో లేని పేరును అవి తెచ్చిపెట్టలేవు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇంట్లో లేరని, వలస వెళ్లారని, చనిపోయారని బీఎల్ఓలు (ఓటర్ల జాబితా పని చూసే బూత్ స్థాయి అధికారులు) గుర్తించినవారి జాబితా ఒకటి ప్రిసైడింగ్ అధికారి దగ్గర విడిగా ఉంటుంది. అందులో పేరున్నంత మాత్రాన ఓటు పోదు. ప్రధాన జాబితాలో పేరు కొనసాగుతున్నట్లయితే, గుర్తింపును జాగ్రత్తగా సరిచూసి, వేలిముద్ర తీసుకొని ఓటు వేయనివ్వాలి. ఓటరు పట్టుబట్టి అడగవలసింది దీన్ని.

టెండర్ ఓటు నిజంగానే ఉంది. 49పి నియమం ప్రకారం, తన పేరున ఎవరో ముందే ఓటు వేసి వెళ్లినట్టు తేలితే, గుర్తింపు ప్రశ్నలకు సరైన జవాబులు చెప్పిన అసలు ఓటరుకు కాగితపు బ్యాలెట్ ఇస్తారు. యంత్రం మీద వేయనివ్వరు. ఆ బ్యాలెట్‌ను విడిగా కవరులో భద్రపరుస్తారు, లెక్కింపు రోజున ఆ కవరు తెరవరు. ఫలితంపై హైకోర్టులో ఎన్నికల పిటిషన్ పడి, తేడా అతి స్వల్పమైనప్పుడే దాని ప్రస్తావన వస్తుంది. 2008 శాసనసభ ఎన్నికల్లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో కాంగ్రెస్ అభ్యర్థి సి.పి. జోషి ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయినప్పుడు టెండర్ ఓట్ల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాబట్టి ఈ ఓటును తప్పక అడగండి, కానీ అది ఆ సాయంత్రమే లెక్కలో కలుస్తుందనుకోవద్దు.

14 శాతం నిబంధన ఏ చట్టంలోనూ, ఏ నియమంలోనూ లేదు. యంత్రం ధ్వంసమైనా, పోలింగ్ కేంద్రాన్ని ఆక్రమించినా, విధానంలో తీవ్రమైన లోపం జరిగినా, అందిన నివేదికలను బట్టి రీపోలింగ్‌ను నిర్ణయించేది ఎన్నికల సంఘమే.

ఇంత స్పష్టంగా ఉన్నా ఈ సందేశాన్ని జనం ఎందుకు నమ్ముతారంటే, పేర్లు గల్లంతు కావడం నిజం గనుక. 2018 డిసెంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికల రోజున ఎందరో ఓటర్లు పేరు లేక వెనుదిరిగారు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల కూడా వారిలో ఉన్నారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పవలసి వచ్చింది. 2019 ఆరంభంలో ఆంధ్రప్రదేశ్‌లో పేర్లు తొలగించాలంటూ ఫారం 7 దరఖాస్తులు లక్షల్లో వచ్చిపడ్డాయి. సంబంధిత వ్యక్తి వాదన వినకుండా పేరు తీసేయకూడదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 22వ సెక్షన్ చెబుతున్నా, తాళం వేసి ఉన్న ఇంటికి నోటీసు ఎలా చేరుతుందన్నది ఇంకా తీరని సమస్యే. యంత్రాంగాన్ని నిలదీయవలసింది ఈ విషయంలో.

ఈ సందేశం చేసే అసలు నష్టం, సరిదిద్దుకోగలిగిన రోజుల్లో మనల్ని నిశ్చింతగా ఉంచి, ఏమీ చేయలేని రోజున పోలింగ్ కేంద్రానికి పంపడం. నామినేషన్ల చివరి తేదీ దాటాక ఆ ఎన్నికకు కొత్త పేరు చేర్చడానికి చట్టం ఒప్పుకోదు. ఆలోపు ఓటరు కార్డు నంబరుతో ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో వెతికినా, 1950 నంబరుకు ఫోన్ చేసినా పేరు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. లేకపోతే పేరు చేర్చమని ఫారం 6, ఇల్లు మారితే ఫారం 8 ఇవ్వాలి. దరఖాస్తు తిరస్కరిస్తే 15 రోజుల్లో జిల్లా మేజిస్ట్రేటుకు అప్పీలు చేసుకోవచ్చు.

ఆ రోజు కొడుకు వేలికి సిరా గుర్తుతో, తల్లి ఖాళీ వేలితో బయటికి వెళ్లారు. గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న బీఎల్ఓ వద్ద ఆ కుర్రవాడు ఆగి, తల్లి పేరున ఫారం 6 ఎప్పుడు, ఎక్కడ ఇవ్వాలో అడిగి రాసుకున్నాడు.