రబ్బరు ప్యాంటూ, కొత్త కార్పెట్టూ

జూలైలో బాప్తిస్మాలు పెట్టాలన్నది నా ఆలోచన కాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే "ఇండియా నుంచి వచ్చిన కుర్రాడు కాస్త ఆత్రపడ్డాడు" అని సంఘంలో సగం మంది అనుకుంటున్నారట. మిగతా సగం మంది ఇంకా నవ్వు ఆపుకోలేక ఏమీ అనడం లేదు.

నేనుండేది దక్షిణాఫ్రికాలో, క్వాజులూ-నేటాల్ ఉత్తర తీరంలో, చుట్టూ చెరకు తోటలున్న ఒక ఊళ్లో. 1860 నుంచి ఒప్పంద కూలీలుగా ఓడలెక్కి వచ్చిన వాళ్ల మునిమనవలు మా సంఘస్తులు. వాళ్ల కోసం 1903లోనే తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్య గారిని ఇక్కడికి పంపారు. ఆయన కియర్స్‌నీ తేయాకు తోటల్లో సంఘం కట్టారు. ఆయన పేరు చెప్పుకుని నన్నూ పంపారు. నేను కుర్చీలు సర్దుతాను, పిల్లల్ని ఎక్కించుకుని కోంబీ వ్యాను తోలుతాను, ప్రొజెక్టరు వైరు ఎక్కడుందో వెతుకుతాను. టైముంటే సువార్త కూడా చెబుతాను.

మా సంఘంలో ఆస్తుల కమిటీ అని ఒకటుంది. దాన్ని నడిపే అంకుల్ చాలా మంచివారు. (ఈ మాట ఆయన చదువుతారేమోనని రాస్తున్నాను.) చర్చిలో ఉన్న ప్రతి తాళమూ ఆయన జేబులోనే ఉంటుంది. ఆయన మాత్రం ఎక్కడుంటారో ఎవరికీ తెలియదు. ఈయన ఎక్కడో చరిత్ర చదివారు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని తెలిసింది. అంతే, మనమూ జూలైలోనే పెట్టాలన్నారు.

"అంకుల్, ఇక్కడ జూలై అంటే చలికాలం కదా" అన్నాను.

"మన పెద్దలకి లేని చలి మనకెందుకు, మై బాయ్?"

భూమధ్యరేఖకి ఇవతల ఋతువులు తిరగబడతాయని చెప్పబోయాను. మినిట్స్ రాసే ఆంటీ నా మాట పూర్తికాకుండానే "వాతావరణంపై మిషనరీ గారి అభ్యంతరం నమోదు చేయడమైనది" అని రాసేసి తర్వాతి అంశానికి వెళ్లిపోయారు.

పాస్టరు గారికి నడుంనొప్పి. వంగొద్దని డాక్టరు చెప్పారు. కాబట్టి తొట్టిలోకి దిగే పని నాది. సంఘం తీర్మానం చేసింది, చప్పట్లు కొట్టింది.

బాప్తిస్మపు తొట్టి మా వేదిక కిందే ఉంటుంది. పైన చెక్కలు తీస్తే మెట్లు, మెట్లు దిగితే నీళ్లు. తొట్టి చుట్టూ, వేదిక ముందంతా కొత్త కార్పెట్. ముదురు ఎరుపు రంగు. ఆడవాళ్లు రెండేళ్లపాటు సమోసాలు అమ్మి కూడబెట్టిన డబ్బుతో వేయించారు. దాని గురించి ఎక్కువ చెప్పను, మళ్లీ అక్కడికే వస్తాం.

శనివారం సాయంత్రం నింపడం మొదలుపెట్టాం. పంపులో నీళ్లు సన్నగా వస్తుంటే బయటి జోజో ట్యాంకు (ఇక్కడి ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు) నుంచి కూడా పైపు వేశాం. నడుం దాకా చాలని నేను, టైల్స్ మీద నీలం గీత దాకా రావాల్సిందేనని అంకుల్. "ముంచడమంటే ముంచడమే" అన్నారు. ఆ గీత ఎప్పుడో ఆరడుగుల పాస్టరు ఒకాయన ఉన్న రోజుల్లో గీసింది. నేను నిలబడితే అది నా ఛాతీకి తగులుతుంది.

రాత్రంతా నడవాలని హీటరు పెట్టాం. ఇక్కడ కరెంటు ప్రీపెయిడ్. డబ్బు కడితే ఇరవై అంకెల నంబరొకటి ఇస్తారు, అది మీటర్లో కొట్టాలి, కొన్నంత మేరే వెలుగు. అంకుల్ వంద రాండ్లకి (రాండ్ ఇక్కడి కరెన్సీ) కొని "చాలు, ఇది దేవుని ఇల్లు" అన్నారు. అర్ధరాత్రికల్లా హీటరు ఆ వంద రాండ్లనూ మింగేసి ఆరిపోయింది. పొద్దున్న నీళ్లలో వేలు పెట్టి చూశాను. వేలు వెంటనే వెనక్కి తీసుకున్నాను.

ఇక్కడ రంగంలోకి వచ్చింది రబ్బరు ప్యాంటు.

చాలా బాప్టిస్టు సంఘాల్లో తొట్టిలోకి దిగే పాస్టర్లు వేసుకుంటారు దాన్ని. బూట్లు దానికే అతికి ఉంటాయి, ఛాతీ దాకా వస్తుంది, భుజాల మీదుగా పట్టీలుంటాయి. లోపల బట్టలు తడవవు. మా చర్చిది బీరువాలో ఉండి ఉండి బీటలు వారిపోయింది. నేను చలికి వణుకుతుంటే చూడలేక పాస్టరమ్మ గారు చేపలు పట్టే ఒక అంకుల్‌కి ఫోన్ చేశారు. ఈ తీరంలో చలికాలమంటే సార్డీన్ చేపలు గుంపులు గుంపులుగా ఒడ్డుకి దగ్గరగా వచ్చే కాలం. జనం బుట్టలేసుకుని సముద్రంలోకి దిగిపోతారు. ఆ అంకుల్ అప్పుడే సముద్రం నుంచి వచ్చి, తన ప్యాంటు తడి కూడా ఆరకుండా తెచ్చిచ్చారు.

వాసన గురించి నేనేం అనలేదు. ఆయనే అన్నారు. "పేతురు కూడా జాలరే కదా, మై బాయ్. నువ్వేమో మనుషుల్ని పడతావు."

ఎడమ పట్టీ బకిల్ విరిగిపోయి ఉంది. దాన్ని ఆయన నైలాన్ దారంతో తన చేత్తోనే కట్టారు. సముద్రంలో అలల మధ్య కూడా ఊడని ముడి అది. "ఇది నేను తప్ప ఎవరూ విప్పలేరు" అని గర్వంగా చెప్పి, చేపలు అమ్ముకోవాలని మార్కెట్‌కి వెళ్లిపోయారు. పైన తెల్ల అంగీ తొడిగారు. అద్దంలో చూసుకుంటే పవిత్రంగానే ఉన్నాను.

ఆ రోజు ఐదుగురు. మొదటి ఇద్దరూ కాలేజీ అమ్మాయిలు, బక్కపలచన, ముంచినట్టే తెలియలేదు. ఒక్కొక్కరు మునిగి లేచినప్పుడల్లా పెద్దావిడ ఒకరు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి ఒక చరణం ఎత్తుకుంటారు. ఆవిడకి తెలుగు మాట్లాడటం రాదు. ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్న పుస్తకం చూసి పాడతారు. కానీ రాగం మాత్రం వాళ్ల అమ్మమ్మ నుంచి వచ్చింది, ఎక్కడా తప్పదు.

మూడో ఆయన లారీ డ్రైవరు. నాకు రెండింతలుంటారు. పదేళ్ల తాగుడు మానేసి వచ్చిన మనిషి. సాక్ష్యం చెబుతుంటేనే ఆయన గొంతు పూడుకుపోయింది, వెనక బెంచీలో భార్య కొంగుతో... కాదు, ఇక్కడ కొంగుల్లేవు, చేతులతోనే ముఖం కప్పుకుంది. నాకూ కళ్లు చెమర్చాయి. ఇందుకే కదా వచ్చాను ఇంత దూరం అనిపించింది. "తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు, పరిశుద్ధాత్మ యొక్కయు నామములో" అని ఆయన్ని వెనక్కి వంచాను. ఆయన బరువుకి నేనూ ఆయనతో పాటే వంగాను.

సరిగ్గా అప్పుడు, నా జీవితంలో అంత పరిశుద్ధమైన క్షణం ఇంకోటి ఉండదేమో, అప్పుడు, రబ్బరు ప్యాంటు పై అంచు నీళ్లలో మునిగింది.

ముందు బొడ్డు. తర్వాత కుడి తొడ. తర్వాత, ఎందుకో కొంచెం ఆగి, ఎడమ మోకాలు. జోజో ట్యాంకు నీళ్లు రాత్రంతా ఆరుబయట చలిలో ఎంత ఓపిగ్గా కూర్చున్నాయో ఒక్కో అంగుళమే నాకు తెలిసి వచ్చింది. ఆయన్ని పైకి లేపాను. ఆయన ఏడుస్తూ నన్ను గట్టిగా కావలించుకున్నారు. దాంతో మిగిలిన ఖాళీ కూడా నిండిపోయింది. నా నోట్లోంచి వచ్చిన శబ్దాన్ని సంఘమంతా "హల్లెలూయా" అనుకుంది. తిరిగి అదే గట్టిగా అన్నారు.

మిగతా ఇద్దరికీ ఇచ్చేశాను. ఎలా ఇచ్చానో అడక్కండి.

ఇప్పుడు నేను పైకి రావాలి. ఐదు మెట్లు.

ఇక్కడ ఒక చిన్న భౌతికశాస్త్రం. నీళ్లు నిండిన ప్యాంటు నీళ్లలో ఉన్నంతసేపూ బరువే ఉండదు. ఆర్కిమెడీస్ చూసుకుంటాడు. అందుకే నాకు చలి తప్ప ఇంకే అనుమానమూ రాలేదు. మొదటి మెట్టు ఎక్కాను, బాగానే ఉంది. రెండో మెట్టు మీద ఆర్కిమెడీస్ చెయ్యి వదిలేశాడు. లీటరు నీళ్లు కిలో బరువు. కాలికి ఇరవై లీటర్లు వేసుకున్నా రెండు కాళ్లకీ నలభై కిలోలు. నేనే యాభై ఎనిమిది ఉంటాను. మూడో మెట్టు వైపు కాలెత్తాను. కాలు ఆ సంగతి పట్టించుకోలేదు.

విప్పేద్దామంటే నైలాన్ ముడి. దాన్ని విప్పగలిగే ఒకే ఒక్క మనిషి మార్కెట్‌లో సార్డీన్లు తూకం వేస్తున్నారు.

సంఘానికి ఇదేం తెలియదు. వాళ్లకి కనిపించేది తెల్ల అంగీ మాత్రమే. దాని కింద నడుం నుంచి పాదాల దాకా నేను ధాన్యం బస్తాలా ఉబ్బి ఉన్నాను. దిగేటప్పుడు సన్నగా దిగిన మిషనరీ ఎక్కేటప్పుడు ఇలా ఎలా అయ్యాడని ముందు వరస పిల్లలు మెడలు చాచి చూస్తున్నారు.

పెద్దావిడ చివరి చరణం అయిపోయింది. నేను కదల్లేదు. ఆవిడ నా వైపు చూసి, నేను ధ్యానంలో ఉన్నాననుకుని, భక్తిగా మళ్లీ పల్లవి ఎత్తుకున్నారు. పల్లవి అయింది. మళ్లీ మొదటి చరణం. నేను చేసిన ప్రార్థన ఒక్కటే: ప్రభువా, ఈ కీర్తనకి చరణాలు తరగనివ్వకు. కాళ్లు స్పర్శ పోతుంటే నా మనసు గుండ్లకమ్మకి వెళ్లింది. ఆ రోజు బాప్తిస్మమిచ్చింది ఆరుగురు బోధకులు, ఒక విడతకి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడ్డారని చదివాను. 2,222 మంది! ఒక్కరు కూడా ఏట్లో ఇరుక్కుపోయినట్టు ఎక్కడా రాయలేదు. వాళ్లకి ఏరుంది, ఎండుంది. మెట్లు లేవు, రబ్బరు లేదు, ముఖ్యంగా ఆస్తుల కమిటీ లేదు.

చర్చి కాపలా చూసే జూలూ పెద్దాయన్ని మేమంతా బాబా అని పిలుస్తాం. జరుగుతున్నది అర్థమైంది ఆయనొక్కరికే. పక్క తలుపు నుంచి తొంగి చూసి, నా నడుం వైపు చూసి, "హావు! మ్ఫుండిసి!" అన్నారు. అంటే పాస్టరూ అని. ఆ గౌరవం ఆ క్షణంలో నాకు ఏ మాత్రం నప్పలేదు. ఆయన ఇద్దరు డీకన్లని, అంటే సంఘ పరిచారకుల్ని, పిలిచారు. ఇద్దరూ చెరో చంకలో చెయ్యి వేసి, బాబా వెనక నుంచి నెట్టి, మొత్తానికి నన్ను పైకి లాగారు.

అంతవరకు బాగుంది. నిలబెట్టి వదిలేసి ఉంటే బాగుండేది. కానీ ఒక డీకన్ గారు, పాపం మంచి మనసుతో, "ఊపిరి పీల్చుకో" అని నన్ను ముందుకి వంచారు.

నలభై లీటర్లు ఒకేసారి రావు. ఇది నాకు తెలియదు. మొదట అంగీ మెడలోంచి ఒక ధార వచ్చింది. తర్వాత కాస్త విరామం. తర్వాత అసలుది వచ్చింది. పాట ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో నీళ్లు కార్పెట్ మీద పడుతున్న చప్పుడు ఒక్కటే. ముందు వరస పిల్లలు కాళ్లు బెంచీ మీదకి లాక్కున్నారు. "మమ్మీ, ఇంకా వస్తోంది!" అని ఒకడు అందరికీ ప్రకటించాడు. చివర్లో ఎర్ర కార్పెట్ మీద తళుక్కుమంటూ ఒక చేప పొలుసు కూడా వచ్చి ఆగింది.

అప్పుడు లేచారు ఆస్తుల కమిటీ అంకుల్. శనివారం రాత్రి కరెంటు పోయినప్పుడు ఫోనెత్తని మనిషి, బకిల్ విరిగిందంటే "చూద్దాం" అన్న మనిషి, రెండో వరస నుంచి ఒక్క దూకుతో వేదిక దగ్గరికి వచ్చి "కార్పెట్!" అని అరిచారు. బాగున్నావా అని కాదు. చలేస్తోందా అని కాదు. లారీ డ్రైవరు గారు తన తడి తువ్వాలు తెచ్చి నా భుజాల మీద కప్పారు. అది అప్పటికే నాకంటే చల్లగా ఉంది, కానీ ఆ మనిషి చేసిన ఆ పని ఎన్నటికీ మర్చిపోను.

నిన్న కమిటీ వాట్సాప్ గ్రూపులో అజెండా వచ్చింది. మొదటి అంశం ప్రార్థన. రెండోది కొత్త సభ్యులకు స్వాగతం. మూడోది "మిషనరీ గారి వల్ల కార్పెట్‌కి కలిగిన నష్టం". గీత దాకా నింపమన్నది ఎవరో, వంద రాండ్లు చాలన్నది ఎవరో, జూలై అన్నది ఎవరో ఏ అంశంలోనూ లేదు. కార్పెట్ ఇప్పుడు చేపల వాసన వేస్తోంది, ఆ ఖాతా కూడా నాదే. వెనక్కి తిప్పి చూస్తే మినిట్స్‌లో నా అభ్యంతరం నమోదై ఉంది కదా అని ఆంటీకి మెసేజ్ పెట్టాను. నవ్వుతున్న బొమ్మ పంపారు.

తొట్టి ఇంకా నిండే ఉంది. ఖాళీ చేద్దామంటే మోటారు గది తాళం అంకుల్ దగ్గర, అంకుల్ ఏమో పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో పెళ్లిలో. గురువారం దాకా రారట. బుధవారం పిల్లల కూటం ఉంది, ఆ నీళ్లలో ఎవడో ఒకడు పడతాడు. అందుకని నేనూ బాబా పొద్దున్నుంచీ బక్కెట్లతో తోడుతున్నాం. సగం అయింది. ఇప్పుడే అంకుల్ ఫోన్ చేశారు, ఎత్తాను. నీళ్లు పారబోయొద్దట. వచ్చే ఆదివారం ఇంకో ఇద్దరున్నారట.