పిల్లల అరగంట ఎటు పోయింది?

సాయంత్రం ఏడు గంటలు. ఒక మామూలు ఇల్లు. నాయనమ్మ చేతిలో రిమోట్, తెర మీద సీరియల్ కోడలి కన్నీళ్లు. ప్రకటనలు రాగానే తండ్రి న్యూస్ ఛానెల్ పెడతాడు, అక్కడ నలుగురు ఒకేసారి అరుచుకుంటుంటారు. మూడో తరగతి చదివే పిల్ల గోడకు ఆనుకుని అమ్మ ఫోన్లో ఏదో చూస్తోంది. వేలితో తోస్తుంటే ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఏం చూస్తోందని అడిగితే ఇంట్లో ఎవరూ చెప్పలేరు. వందల ఛానెళ్లు వచ్చే ఆ టీవీలో ఆ పిల్లకు మాత్రం చోటు లేదు.

ఈ మాట ఎత్తితే ఠక్కున వచ్చే జవాబు ఒకటుంది: ‘బోలెడు కార్టూన్ ఛానెళ్లు ఉన్నాయి కదా, ఇంకేం కావాలి?’ మనకంటే ముందు బ్రిటన్ ఇదే జవాబు చెప్పుకొంది. 2002 ఫిబ్రవరిలో బీబీసీ పిల్లల కోసం సీబీబీసీ, సీబీబీస్ అని రెండు ఛానెళ్లు తెరిచింది. మంచి ఛానెళ్లే. పదేళ్లు గడిచాయి. డిజిటల్ టీవీ ఇంటింటికీ వచ్చేసింది కాబట్టి పిల్లల ఛానెళ్లు అందరికీ అందుతున్నాయంటూ, బడి వదిలే వేళకు ప్రధాన ఛానెల్ బీబీసీ వన్‌లో వచ్చే పిల్లల కార్యక్రమాలను 2012 డిసెంబరులో ఆపేసింది. మరో పదేళ్లకు, 2022 మేలో, సీబీబీసీనే టీవీ ఛానెల్‌గా ఎత్తేసి ఆన్‌లైన్‌కు మారుస్తామని ప్రకటించింది. ప్రైవేటు సంస్థ ఐటీవీ 2023 సెప్టెంబరులో తన పిల్లల ఛానెల్‌ను మూసేసి ఆన్‌లైన్‌లోకి పంపేసింది. నట్టింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి వీధిలోకి. ప్రతిసారీ చెప్పిన కారణం సబబుగానే వినిపించింది.

మనకు ఆ వసారా కూడా సరిగ్గా దక్కలేదు.

మొదట్లో ఇలా లేదు. 1959లో ఢిల్లీలో పుట్టిన మన టెలివిజన్, 1961కల్లా అక్కడి బడులకు కార్యక్రమాలు పంపింది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు నాసా దగ్గర ఉపగ్రహం అరువు తెచ్చుకుని ఇస్రో నడిపిన ‘సైట్’ ప్రయోగం సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలు. వాటిలో తెలుగు పల్లెలూ ఉన్నాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు వచ్చేవి. అంటే రెండు పూటల్లో ఒక పూట పిల్లలదే. టీవీ అంటే ఏమిటో తెలియని ఊళ్లకు దాన్ని మోసుకెళ్లినవాళ్లకు ఆ మాత్రం తోచింది. తర్వాత హైదరాబాద్‌లో పిల్లల కోసం తెలుగులో కార్యక్రమాలు తీయడానికి ప్రభుత్వం విద్యా సాంకేతిక సంస్థను పెట్టింది. ఆ పైన ఆదివారం పొద్దుటి కార్టూన్లు, జపాన్‌లో తీసి హిందీలోకి తెచ్చిన మోగ్లీ కథ, 1997 నుంచి 2005 దాకా శక్తిమాన్. హిందీ రాని తెలుగు పిల్లలు కూడా ఆ గంటకు ఆట మానేసి వచ్చి కూర్చునేవారు. శక్తిమాన్ తర్వాత పిల్లల నోళ్లలో నానిన దూరదర్శన్ పేరు మరొకటి చెప్పమంటే మేమే తడుముకోవాల్సి వస్తోంది.

2020 లాక్‌డౌన్‌లో ఈ లోటు బయటపడింది. బడులు మూతపడి దేశంలో పిల్లలంతా ఇళ్లలో ఉన్న వేళ దూరదర్శన్ వెతికి వెతికి తీసిందేమిటి? అదే శక్తిమాన్, అదే మోగ్లీ. పాతికేళ్ల నాటి సరుకు. జనం సంబరపడ్డ మాట నిజమే. చూసి కళ్లు చెమర్చినవాళ్లు మాత్రం ఎక్కువగా ఒకప్పటి పిల్లలు, అంటే ఇప్పటి తల్లిదండ్రులు. పక్కన కూర్చున్న పిల్లలకు కొత్తగా ఇవ్వడానికి గిడ్డంగిలో ఏమీ లేకపోయింది.

పాఠాలు ఇచ్చారు కదా అంటారేమో. ఇచ్చారు. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ తెలుగు ఛానెల్ యాదగిరి, రాష్ట్ర ప్రభుత్వ ఛానెల్ టీశాట్‌ల ద్వారా క్లాసులు నడిచాయి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ఆ పని చేసింది. ‘ఒక తరగతికి ఒక ఛానెల్’ పేరుతో కేంద్రం 12 ఛానెళ్లు పెట్టి, 2022 బడ్జెట్‌లో వాటిని 200కు పెంచుతామంది. స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్లలో ఆ పాఠాలే దిక్కయ్యాయి, కాదనడం లేదు. అయితే పిల్లల కార్యక్రమం అంటే బ్లాక్‌బోర్డు ముందు కెమెరా పెట్టడమేనన్న భ్రమ కూడా వాటితోపాటే వచ్చింది. పాఠం చూసే పిల్లాడు విద్యార్థి. పెద్దవాళ్లు ఆఫీసు నుంచి వచ్చి ఆఫీసు గురించిన కార్యక్రమమే చూడరు గదా, పిల్లలకు మాత్రం బడి విడిచాక మళ్లీ బడేనా?

ఇక ప్రైవేటు ఛానెళ్లలో పిల్లలకు కొదవ లేదు. పాటల పోటీల్లో, డాన్సు షోల్లో, కామెడీ స్కిట్లలో బోలెడంతమంది. ఆరేళ్ల పాపకు లిప్‌స్టిక్ పూసి, పెద్దల సినిమా పాటకు నడుము తిప్పించి, జడ్జీలు లేచి చప్పట్లు కొడితే అది పిల్లల ప్రోగ్రామ్ అయిపోతుందా? పెద్దల వినోదానికి పిల్లల్ని వాడుకోవడం అది. 2019 జూన్‌లో సమాచార ప్రసార శాఖ ఛానెళ్లన్నిటికీ దీనిపై హెచ్చరిక పంపాల్సి వచ్చిందంటే వ్యవహారం ఎక్కడిదాకా పోయిందో తెలుస్తూనే ఉంది.

కార్టూన్ల సంగతి ఇంకోలా ఉంటుంది. చోటా భీమ్ మన హైదరాబాద్‌వాడే. ఇక్కడి గ్రీన్‌గోల్డ్ స్టూడియోలో పుట్టి 2008లో పోగో ఛానెల్‌కెక్కాడు. అయినా వాడి ఊరు ఢోలక్‌పూర్, వాడికి ఇష్టమైన తిండి లడ్డూ, వాడి నేస్తాల ముచ్చట్లు ఏ ఊరివో చెప్పడం కష్టం. దేశమంతా అమ్ముడుపోవాలంటే అలాగే ఉండాలి, అందులో స్టూడియోను తప్పుపట్టేదేమీ లేదు. కానీ బొమ్మల పెదవుల కదలికకు సరిపోయేలా కుదించిన డబ్బింగ్ తెలుగు రోజూ చెవిలో పడితే పిల్లల నోటికీ అదే వస్తుంది. వీధిలో ఆడుకుంటూ ‘మిత్రమా, నన్ను కాపాడు!’ అని అరిచే పిల్లల్ని మీరూ చూసే ఉంటారు. విని నవ్వుకుంటాం. వాళ్ల వయసుకు తగ్గ తెలుగును, శ్రీకాకుళం యాసనో పాలమూరు యాసనో, టీవీలో వినిపించే పూచీ మాత్రం మనలో ఎవరూ తీసుకోలేదు.

ఆ పూచీ ఎవరిదో చట్టంలోనే ఉంది. దూరదర్శన్‌ను నడిపే సంస్థ ప్రసార భారతి. 1990లో చేసి 1997లో అమల్లోకి తెచ్చిన ప్రసార భారతి చట్టం పన్నెండో సెక్షన్, పిల్లల ప్రయోజనాలు కాపాడటానికి ప్రత్యేక చర్యలు తీసుకోవడాన్ని ఆ సంస్థ విధుల్లో ఒకటిగా రాసింది. సాగు కోసం 2015లో కిసాన్ ఛానెల్ వచ్చింది, ఆటలకు ఒకటి, వార్తలకు ఒకటి ఉన్నాయి. అలాగని పిల్లలకు వేరే ఛానెల్ పెట్టమని మేము అడగడం లేదు. అడిగితే ఇచ్చేస్తారేమోనన్న భయం కూడా ఉంది. ఇచ్చిన మర్నాటి నుంచి పిల్లల మాట ఎత్తినప్పుడల్లా ‘మీ ఛానెల్ మీకుంది కదా’ అంటారు. బ్రిటన్‌లో జరిగింది అదే.

యాదగిరిలోనూ సప్తగిరిలోనూ, ఇంటిల్లిపాదీ టీవీ ముందుండే వేళ, రోజూ అరగంట కావాలి. ఆ అరగంటలో ఏం చూపిస్తారంటే జర్మనీ వైపు చూడొచ్చు. అక్కడ ప్రభుత్వ ప్రసార సంస్థలు రెండూ కలిసి 1997లో పిల్లల ఛానెల్ తెరిచాయి. అయినా 1971 నుంచి వస్తున్న ఎలుక కార్యక్రమాన్ని ప్రధాన ఛానెల్ నుంచి కదపలేదు. నారింజ రంగు ఎలుక, దానికి తోడు చిన్న నీలం ఏనుగు. ఆ బొమ్మల మధ్య నిజమైన వస్తువులు ఎలా తయారవుతాయో చూపిస్తారు. టూత్‌పేస్టులో చారలు ఎలా వచ్చాయి అన్నంత చిన్న ప్రశ్న. ఆదివారం పొద్దున దాన్ని పిల్లలతోపాటు తల్లిదండ్రులూ చూస్తారు, ఎందుకంటే ఆ చారల సంగతి వాళ్లకీ తెలియదు. మొదట్లో ఈ రోజు ఏమేం ఉన్నాయో జర్మన్‌లో చెప్పి, అదే ముక్క మరో దేశం భాషలో మళ్లీ చెబుతారు. ఆ భాష ఏదో కనిపెట్టడం కూడా పిల్లలకు ఒక ఆట.

మనకు అలాంటి ప్రశ్నలకు కరవా? కోనసీమ జిల్లా ఆత్రేయపురం వెళ్లండి. పొయ్యి మీద బోర్లించిన కుండ. కింద కొబ్బరాకు మంట. పక్కన గిన్నెలో పాలలా పల్చగా రుబ్బిన బియ్యప్పిండి. పూతరేకులు చేసే ఆమె తెల్లటి గుడ్డను అందులో ముంచి, రెండు కొసలూ పట్టుకుని కుండ మీద నుంచి ఒక్క లాగు లాగుతుంది. గుడ్డ దాటేసరికి కుండ వీపు మీద కాగితం! అవతలివైపు వెలుతురు కనిపించేంత పల్చన. దాన్ని గోటితో రేపి, చిరగకుండా ఎత్తి పక్కన పెడుతుంది. ఎందుకు అంటుకోలేదు? గుడ్డ ఎందుకు కాలలేదు? ఇంకొంచెం మెల్లగా లాగితే ఏమయ్యేది? ఒక కెమెరా, మాటలు తక్కువ, ఏడు నిమిషాలు. పూతరేకు తిన్న పిల్లలు లక్షల్లో ఉంటారు, అది పుట్టడం చూసినవాళ్లు ఎంతమంది? మర్నాడు కొండపల్లి: తెల్లపొణికి చెక్కతో చేసిన ఏనుగుకు తొండం ఎలా అతికింది? చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో. ఆ మర్నాడు రైలు పట్టాలు ఎలా మారుతుందో కాజీపేట జంక్షన్‌లో. ఏడాదికి సరిపడా సరుకు రెండు రాష్ట్రాల్లో కళ్లెదురుగా పడి ఉంది.

డబ్బు ఏదీ అంటారు. యానిమేషన్‌కు ఖర్చవుతుంది, నిజమే. పైన చెప్పినదానికి అంత అక్కర్లేదు. ప్రకటనలు రావన్నది ఇంకో మాట. చిప్స్, చాక్లెట్ల కంపెనీలు తప్ప పిల్లల కార్యక్రమాలకు డబ్బు పెట్టేవాళ్లు తక్కువేనని ఒప్పుకుందాం. అసలు ప్రజల సొమ్ముతో ఒక ప్రసార సంస్థను నడిపేదే మార్కెట్ చేయని పనులు చేయడానికి కదా! మార్కెట్ మెచ్చినవే చూపాలంటే ప్రైవేటువాళ్లు చాలు. ఒక మాట మేమూ ఒప్పుకోవాలి: పత్రికల్లోనూ ఫుల్‌పేజీ ప్రకటన వచ్చిన రోజు మొదట ఎగిరిపోయేది పిల్లల పేజీయే.

పిల్లలు టీవీ మానేశారు, అంతా ఫోనే అన్నది మూడో అభ్యంతరం. వాళ్లు టీవీని మానేశారా, టీవీయే వాళ్లను మానేసిందా? పైగా ప్రతి పిల్ల చేతికీ నెట్ ఉన్న ఫోన్ రాదు. నెలనెలా బిల్లు కట్టే పని లేకుండా, గొడుగంత డిష్‌తో టీవీ చూసే ఫ్రీ డిష్ ఇళ్లు దేశంలో కోట్లలో ఉన్నాయి. యాదగిరి, సప్తగిరి అక్కడ ఉచితంగా వస్తాయి. ఫోన్లో తర్వాత ఏ వీడియో రావాలో నిర్ణయించేది లెక్కలు కట్టే యంత్రం. టీవీలో అయితే కనీసం ఒక నిర్మాత పేరుంటుంది, తప్పు చేస్తే ఉత్తరం రాయడానికి ఒక అడ్రస్ ఉంటుంది. వేవ్స్ పేరుతో ప్రసార భారతి 2024లో తెచ్చిన యాప్‌లో పిల్లలకూ ఓ మూల ఇచ్చారు, సంతోషం. అది మళ్లీ ఫోన్లోనే, మళ్లీ మూలనే.

ఈ పని తెలుగువాళ్లకు కొత్తదీ కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు రేడియోలో, తర్వాత హైదరాబాద్‌లో ‘రేడియో అన్నయ్య’, ‘రేడియో అక్కయ్య’ అయ్యారు. వాళ్ల దగ్గర పిల్లలే మైకు ముందు నిలబడి పాడేవారు, నాటికలు వేసేవారు. పెద్దల్ని మెప్పించి మార్కులు వేయించుకోవాల్సిన పని వాళ్లకు లేదు, వినేది తోటి పిల్లలే. ఆ వేళకు రేడియో ఉన్న ఇంటికి పక్కింటి పిల్లలూ వచ్చేవారు. పెద్దలకు అదే ఇంట్లో అదే రేడియోలో వార్తలు వచ్చేవి. పిల్లల కోసం వేరే పెట్టె ఎవరూ కొనలేదు.

నవంబరు 14 రాగానే ఛానెళ్లన్నీ నెహ్రూ టోపీలు పెట్టిన పిల్లల్ని తెచ్చి స్టూడియోలో కూర్చోబెడతాయి. ఆ ఒక్క రోజు కార్యక్రమానికి పెట్టే శ్రమ, ఖర్చు ప్రసార భారతి ఈసారి ఒక నెలకు సర్ది చూడాలి. సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర, రెండు తెలుగు ఛానెళ్లలో, సోమవారం నుంచి శనివారం దాకా, క్రికెట్ ఉన్నా మంత్రిగారి సభ ఉన్నా వేళ తప్పకుండా. మొదటి రోజుకు ఏం తీయాలో తోచకపోతే, ఆత్రేయపురంలో పొయ్యి వెలిగే ఉంటుంది.